38 రోజులు మనం ఎక్కడున్నాం?

(డాక్టర్ సుధాకర్ వర్ధంతి సందర్భంగా చోడవరంలో కూలీలు, కంపెనీ కార్మికులు, చిన్న ఉద్యోగులు, సంఘ కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఒక దండ వేసి, నాలుగు మంచి మాటలు చెప్పి, టీ తాగి ఇళ్ళకి పోవడానికి మనం ఇక్కడ కూడలేదు. ఒక లెక్క చూసుకోడానికి కూడాం. సర్కారు లెక్క చూద్దాం, కంపెనీల లెక్క చూద్దాం. చివర్న మన లెక్క కూడా చూసుకుందాం. అది దాచుకుంటే మిగతా లెక్కలు అడిగే హక్కు మనకుండదు.

ముందు ఒక తమ్ముడి సంగతి చెబుతాం. పోయిన నెల మా దగ్గరకొచ్చాడు. ఈ సభలోనే కూచున్నాడు. పేరు చెప్పం, కంపెనీ పేరూ చెప్పం. కాంట్రాక్టరు కింద పని. ఒకరోజు షిఫ్టులో ఏదో ఘాటు వాసనొచ్చి నలుగురు ఆడపిల్లలు కళ్ళు తిరిగి పడిపోయారు. ఆస్పత్రి గేటు దగ్గర టీవీ వాళ్ళు మైకు పెడితే, తాను కళ్ళతో చూసింది చెప్పాడు. అంతే. ఆ ముక్క సాయంత్రానికి అందరి సెల్‌ఫోన్లలోకీ ఎక్కింది. మర్నాడు షిఫ్టుకెళ్తే గేటు దగ్గర కార్డు పనిచెయ్యలేదు. సెక్యూరిటీ వాడు నీ పేరు లిస్టులో లేదన్నాడు. కాంట్రాక్టరుకి ఫోన్ చేస్తే, కొన్నాళ్ళు ఇంటికాడుండు, గొడవ చల్లారాక చూద్దాం అన్నాడు. చేతికి కాగితం ఇవ్వలేదు. కారణం చెప్పలేదు. నోటీసు లేదు, విచారణ లేదు.

ఆ తమ్ముడు మమ్మల్ని అడిగింది ఒకటే. 'నేను సెప్పింది అబద్ధమా బావూ?' అని.

ఇందులో ఒకటి గమనించండి. అతను చెప్పింది అబద్ధమని కంపెనీలో ఎవరూ అనలేదు. ఎందుకు చెప్పావన్నారు. ఎవరు చెప్పించారన్నారు. అబద్ధమా నిజమా అన్న ఊసే ఎత్తలేదు. ఉద్యోగి చుట్టూ నలుగురిలో గొడవ రేగితే యజమాని చేసే పని ఇదే. ఆ యజమాని కంపెనీ అయినా, సర్కారయినా, అమెరికాలో అద్దాల మేడయినా ఒకటే. మాట నిజమా కాదా అని చూడడు. గొడవ ఎంత తొందరగా ఆరుతుందా అని చూస్తాడు. గొడవ ఆర్పాలంటే వాడికి తెలిసిన దగ్గరి దారి, మనిషిని తీసేయడం. ఆ మనిషి మాలపేట వాడో, మాదిగ వాడో, రెల్లి వీధి వాడో అయితే ఆ దారి ఇంకా దగ్గరవుద్ది.

నర్సీపట్నం ఎంత దూరం?

ఇక్కడ బి.ఎన్. రోడ్డెక్కితే రావికమతం, కొత్తకోట దాటాక నర్సీపట్నమే. గోతుల రోడ్డని తిట్టుకుంటూ మనం రోజూ తిరిగే దారే. 2020లో ఇదంతా విశాఖ జిల్లాయే. 2022 ఏప్రిల్ 4న అనకాపల్లి జిల్లా అయింది. ఆ నర్సీపట్నం ఏరియా ఆస్పత్రిలో డాక్టర్ కె. సుధాకర్ మత్తుమందు డాక్టరు. దళితుడు. చదువుకుని, ఉద్యోగం తెచ్చుకుని, మన పేటల్లో పిల్లలకి చూపించి ఆయన లాగ చదవండ్రా అని చెప్పుకునే మనిషి.

మత్తుమందు డాక్టరు పనేమిటో ఒకసారి ఆలోచించండి. ఆపరేషన్ బల్ల మీద రోగిని పడుకోబెట్టి గొంతులోకి గొట్టం దించేది ఆయనే. రోగి ఊపిరి నేరుగా ముఖాన కొట్టే చోట నిలబడేది ఆయనే. కరోనా రోజుల్లో అంతకంటే ప్రమాదమైన చోటు ఆస్పత్రిలో ఇంకోటి లేదు. అలాంటి డాక్టరు 2020 ఏప్రిల్ మొదటి వారంలో కెమెరా ముందు గట్టిగా మాట్లాడాడు. ఎన్-95 మాస్కులు లేవన్నాడు. ఒక్క మాస్కు ఇచ్చి 15 రోజులు వాడమంటే ప్రాణాలు పెట్టి వైద్యం ఎలా చెయ్యమంటారన్నాడు. కోపంగానే అన్నాడు. ప్రభుత్వం మీద అన్నాడు.

ఏప్రిల్ 8న సస్పెండ్ చేశారు. లాక్‌డౌన్ మొదలై అప్పటికి సరిగ్గా రెండు వారాలు. దేశమంతా డాక్టర్లకు చప్పట్లు కొట్టండి, పళ్ళాలు మోగించండి అని చెప్పిన రోజులవి. మాస్కు అడిగిన డాక్టరుకు మాత్రం సస్పెన్షన్ కాగితం ఇచ్చారు.

అప్పుడు అధికార పక్షం ఏమందో గుర్తుందా? ప్రతిపక్షం వాళ్ళు చెప్పించారంది. ప్రభుత్వోద్యోగి నియమాలు మీరాడంది. నియమాలున్నమాట నిజమే. ఉద్యోగి ప్రభుత్వాన్ని బయట విమర్శించకూడదని 1964 నాటి ప్రవర్తనా నియమావళి ఉంది. సరే. విచారణ పెట్టండి. మాస్కులు ఎన్ని వచ్చాయి, ఎన్ని ఇచ్చారు, స్టాకు రిజిస్టరు తీసి జనం ముందు పెట్టండి. అది తేల్చాక శిక్ష సంగతి మాట్లాడండి. అలా చెయ్యలేదు. ముందు సస్పెన్షన్, తర్వాత విచారణ. ముందు ఉరి, తర్వాత తీర్పు లాంటిది ఇది.

ఏప్రిల్ 8 నుంచి మే 16 దాకా వేళ్ళ మీద లెక్కపెట్టండి. 38 రోజులు. ఆ రోజుల్లో పేపర్లలో ఆయన లేడు. టీవీల్లో లేడు. మన పాటల్లో, కరపత్రాల్లో కూడా లేడు. ఒక్కడే ఉన్నాడు.

మే 16న విశాఖలో, జాతీయ రహదారి మీద, అక్కయ్యపాలెం దగ్గర ఆయన మళ్ళీ కనిపించాడు. దేశమంతా చూసింది. ఒంటి మీద చొక్కా లేదు. చేతులు వెనక్కి విరిచి తాడుతో కట్టారు. నడిరోడ్డు మీద కిందపడి ఉన్నాడు. ఒక కానిస్టేబుల్ లాఠీతో కొట్టాడు. తాగి గొడవ చేశాడని, మానసిక స్థితి బాగోలేదని పోలీసులు చెప్పారు. కె.జి.హెచ్.కి తీసుకెళ్ళి, అక్కడి నుంచి మానసిక ఆస్పత్రిలో పెట్టారు. కొట్టిన కానిస్టేబుల్‌ని సస్పెండ్ చేశారు. అక్కడితో తమ పని అయిపోయిందనుకున్నారు.

ఆనాడు ప్రతిపక్షంలో ఉన్న వంగలపూడి అనిత హైకోర్టుకి లేఖ రాస్తే, హైకోర్టు దాన్ని పిటిషన్‌గా తీసుకుంది. జడ్జిని పంపి ఆయన వాంగ్మూలం తీసుకుంది. ఒంటి మీది గాయాల గురించి ప్రభుత్వం చెప్పినదానికీ, జడ్జి చూసి రాసినదానికీ పొంతన లేదని గుర్తించింది. మే 22న కేసు సి.బి.ఐ.కి అప్పగించింది. ఆయన తల్లి హెబియస్ కార్పస్ పిటిషన్ వేస్తే, జూన్ మొదటి వారంలో ఆయన మానసిక ఆస్పత్రి నుంచి బయటకు రావడానికి దారి దొరికింది. కన్నకొడుకుని పిచ్చాస్పత్రి నుంచి ఇంటికి తెచ్చుకోవడానికి ఆ ముసలి తల్లి హైకోర్టు దాకా పోవలసి వచ్చింది!

2021 మే 21న గుండె ఆగి డాక్టర్ సుధాకర్ చనిపోయాడు. రోడ్డు మీద కట్టి పడేసిన రోజుకి ఒక ఏడాదీ అయిదు రోజులు.

ఆ లేఖ రాసిన అనిత గారు 2024 జూన్‌లో రాష్ట్ర హోంమంత్రి అయ్యారు. హోం శాఖ ఆవిడ చేతిలోకే వచ్చింది. మనం ఏ పార్టీ వాళ్ళమూ కాదు, అయినా అడుగుతాం. ప్రతిపక్షంలో ఉన్నప్పుడు దళిత డాక్టరు గుర్తొస్తాడు. పాలనలోకొచ్చాక మాస్కు అడిగే నర్సు, జీతం అడిగే పారిశుద్ధ్య కార్మికురాలు, నీళ్ళడిగే హాస్టల్ వార్డెన్ ఎవరికి గుర్తుంటారు? ప్రభుత్వాలు మారితే కుర్చీల్లో మనుషులు మారతారు. సస్పెన్షన్ కాగితం మీద భాష మారదు.

రెండు రోజులా, రెండు నెలలా?

ఆ 38 రోజుల మధ్యలోనే ఇంకో ఘోరం జరిగింది. మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్.జి. పాలిమర్స్ నుంచి స్టైరిన్ ఆవిరి ఊరి మీద పడింది. నిద్రలోంచి లేచి పరుగెత్తినవాళ్ళు పరుగెత్తినచోటే పడిపోయారు. 12 మంది చనిపోయారు. గొడ్లు కట్టుకొయ్యల దగ్గరే పడిపోయాయి. శవాలు తెచ్చి కంపెనీ గేటు దగ్గర పెట్టి ఊరివాళ్ళు న్యాయం అడిగారు.

అప్పుడు ఏం చేశారు? కమిటీలు వేశారు. హైపవర్ కమిటీ జులై 6న నివేదిక ఇచ్చింది. జులై 7న కంపెనీ సి.ఇ.ఓ.తో సహా 12 మందిని అరెస్టు చేశారు. ప్రమాదం జరిగిన రెండు నెలలకి. తర్వాత బెయిలొచ్చింది.

విచారణకి టైము పడుతుంది. పట్టాలి కూడా. ఎవరినైనా విచారించాకే పట్టుకోవాలి. మేము దాన్ని తప్పు పట్టడం లేదు. మా ప్రశ్న వేరు. 12 మంది ప్రాణాలు పోయినచోట ముందు విచారణ, తర్వాత చర్య అనే న్యాయం నడిచింది కదా, అదే న్యాయం మాస్కు అడిగిన డాక్టరుకి ఎందుకు నడవలేదు? ఒకే జిల్లా, ఒకే ప్రభుత్వం, ఒకే వేసవి. పెట్టుబడికి రెండు నెలల ఓపిక, దళితుడికి రెండు రోజుల ఓపిక కూడా లేదా?

గేటు మూసే పద్ధతులు

యజమాని గేటు ఎలా మూస్తాడో తెలిస్తే ఎక్కడ కాలు అడ్డం పెట్టాలో తెలుస్తుంది. అందుకని ఒక్కొక్కటీ చెప్పుకుందాం.

మొదటిది, మాట మీద గొడవని మనిషి మీదకి మళ్ళించడం. మాస్కు ఉందా లేదా అన్నది అసలు ప్రశ్న. నెల తిరిగేసరికి సుధాకర్ తాగుతాడా లేదా, బుర్ర బాగుందా లేదా అన్నది ప్రశ్నయింది. మాస్కు సంగతి జనం మర్చిపోయారు. మన ఆడకూతురు సూపర్‌వైజరు మీద ఫిర్యాదు చేస్తే ఆ పిల్ల నడత ఎలాంటిదని అడుగుతారు. మనవాడు కులం పేరుతో తిట్టారంటే వీడికి పని రాదంటారు. నిప్పు లేందే పొగొస్తాదా అని మన పేటలోనే మనోళ్ళే అంటారు. ఆ మాట వినపడిన రోజున యజమాని సగం గెలిచేసినట్టే.

రెండోది, కాగితం లేకుండా తీసేయడం. మన తమ్ముడికి జరిగింది ఇదే. మా మనిషి కాదు, కాంట్రాక్టరు మనిషి అని కంపెనీ అంటుంది. కంపెనీ వద్దంది, నేనేటి చేస్తాను అని కాంట్రాక్టరు అంటాడు. ఇద్దరి మధ్యా మనిషి కనిపించకుండా పోతాడు. అచ్యుతాపురం, పరవాడ వెళ్ళే బస్సుల్లో మన పిల్లలు ఎంతమంది ఈ లెక్కలో ఉన్నారో మీకే తెలుసు. 2022లో జూన్‌లో ఒకసారి, ఆగస్టులో ఒకసారి అచ్యుతాపురం సెజ్‌లో విషవాయువుకి బట్టల కంపెనీ ఆడపిల్లలు వందల లెక్కన ఆస్పత్రి పాలయ్యారు. 2024 ఆగస్టు 21న అక్కడే ఎసెన్షియా మందుల కంపెనీలో పేలుడికి 17 మంది చచ్చిపోయారు. లోపల ఏం జరుగుతుందో ముందే చెప్పగలిగేది లోపల పనిచేసేవాడే. వాడు నోరు విప్పితే గేటు మూసుకుంటే, వాడి తర్వాత ఇంకెవడు చెబుతాడు? కనక ఒక్కణ్ణి తీసేస్తే ఒక్కడి కూడు పోవడం కాదు, పక్కనున్న పదిమంది ప్రాణాలకి కాపలా పోయినట్టు.

మూడోది, సస్పెన్షన్. సస్పెన్షన్ శిక్ష కాదని చట్టం చెబుతుంది. విచారణ పూర్తయ్యేదాకా పక్కన ఉంచడం మాత్రమే అంటుంది. నిజంలో అదే పెద్ద శిక్ష. పక్కింటివాళ్ళు తలుపేసుకుంటారు. తోటి ఉద్యోగులు ఫోనెత్తరు. పిల్లలు బడిలో తలొంచుకుంటారు. నెలలు గడుస్తాయి, విచారణ కదలదు. మనిషి లోపల్లోపల విరిగిపోతాడు. విరిగినవాణ్ణి చూపించి, చూశారా, ముందే చెప్పాం బాగోలేడని, అంటారు.

నాలుగోది, రాజీనామా. పిలిచి కుర్చీ వేసి, మంచినీళ్ళిచ్చి, నీ మంచికే చెబుతున్నాం, నువ్వే రాసిచ్చేస్తే పి.ఎఫ్. డబ్బులు తొందరగా వస్తాయి, లేకపోతే పోలీసు కేసంటారు. పి.ఎఫ్. మన డబ్బు. రాజీనామా చేసినా చెయ్యకపోయినా అది మనదే. ఆ కుర్చీలో కూచుని ఏ కాగితం మీదా సంతకం పెట్టొద్దు.

అయిదోది, కేసు పడగానే యజమాని చేతులు దులుపుకోవడం. మన అమలాపురం వాడు ప్రొఫెసర్ జి.ఎన్. సాయిబాబా. పోలియో వల్ల చక్రాల కుర్చీకి పరిమితమైన మనిషి. ఢిల్లీ యూనివర్సిటీ కాలేజీలో పాఠాలు చెప్పేవాడు. 2014 మేలో అరెస్టయ్యాడు. 2017లో శిక్ష పడింది. అప్పీలు తేలకుండానే 2021 మార్చి 31న కాలేజీ ఉద్యోగం తీసేసింది. 2022లో హైకోర్టు విడుదల చెయ్యమంటే సుప్రీంకోర్టు ఆపింది. 2024 మార్చి 5న హైకోర్టు మళ్ళీ నిర్దోషి అంది. ఆ ఉద్యోగంలో మళ్ళీ కాలు పెట్టకుండానే 2024 అక్టోబర్ 12న హైదరాబాద్‌లో చనిపోయాడు. నిర్దోషి అని కోర్టు చెప్పింది. పోయిన పదేళ్ళు ఎవరు తిరిగిస్తారు?

అద్దాల మేడలోనూ ఇంతే

మన పిల్లలు కంప్యూటర్ చదివి అమెరికా పోతే ఈ పీడ వదులుతుందని కొందరు అనుకుంటున్నారు. కాలిఫోర్నియాలో సిస్కో అనే పెద్ద కంపెనీ ఉంది. అందులో ఒక దళిత ఇంజనీరు, నేను రిజర్వేషన్ మీద ఐ.ఐ.టి.కి వచ్చినవాణ్ణని నా పైవాడు తోటివాళ్ళకి చెప్పాడని 2016లో కంపెనీలో ఫిర్యాదు చేశాడు. కంపెనీ లోపల విచారణ జరిపి, కులవివక్ష చట్టవిరుద్ధమేమీ కాదు అని తేల్చిందని, ఫిర్యాదు చేసినవాణ్ణే పక్కకి నెట్టారని ఆరోపిస్తూ 2020 జూన్ 30న కాలిఫోర్నియా ప్రభుత్వమే కోర్టుకెక్కింది. కంపెనీ ఆ ఆరోపణ ఒప్పుకోలేదు. ఇద్దరు ఇంజనీర్ల మీద కేసు 2023లో ఉపసంహరించారు. కంపెనీ మీద కేసు ఆ తర్వాత కూడా సాగింది.

2022 ఏప్రిల్‌లో గూగుల్ కంపెనీలో కులం మీద మాట్లాడ్డానికి తేన్‌మొళి సౌందరరాజన్ అనే దళిత మహిళని పిలిచారు. కొందరు ఉద్యోగులు అల్లరి చేస్తే కంపెనీ ఆ సభే రద్దు చేసింది. ఆవిణ్ణి పిలిచిన తనూజ గుప్తా అనే సీనియర్ ఉద్యోగి మీద విచారణ పెట్టారు. ఆవిడ రాజీనామా చేసి బయటకొచ్చింది. గొడవ ఆర్పడానికి అల్లరి చేసినవాళ్ళని కాదు, మాట్లాడదామన్నవాళ్ళని ఆపారు. ఇక్కడ గేటు ఇనపది, అక్కడ గేటు అద్దానిది. తేడా అంతే.

బాబాసాహెబ్ మన చేతికిచ్చింది

1938 ఫిబ్రవరిలో మన్మాడ్‌లో రైల్వే దళిత కార్మికుల సభలో బాబాసాహెబ్ మాట్లాడాడు. కార్మికుడికి శత్రువులు ఇద్దరు, ఒకటి బ్రాహ్మణవాదం, రెండు పెట్టుబడిదారీ అన్నాడు. ఊరికే అనలేదు. బొంబాయి బట్టల మిల్లుల్లో నేత ఖాతాలోకి అంటరానివాణ్ణి రానిచ్చేవారు కాదు. కండె మార్చేటప్పుడు దారాన్ని నోటితో పీల్చి లాగాలి, వీడి ఎంగిలి మాకంటుతుందని తోటి కార్మికులే అడ్డుపడేవారు. అదీ ఆయన చూసిన ఫ్యాక్టరీ.

ఆ బాబాసాహెబే 1942 నుంచి 1946 దాకా వైస్రాయి కౌన్సిల్లో కార్మిక శాఖ చూశాడు. ఆ కాలంలోనే, 1946లో, స్టాండింగ్ ఆర్డర్ల చట్టం వచ్చింది. అంతకుముందు యజమాని నోటిమాటే చట్టం. రేపట్నుంచి రావద్దు అంటే రావద్దే. ఏది తప్పో, ఏ తప్పుకి ఏ శిక్షో, ఎలా విచారించాలో కాగితం మీద రాసి కార్మికుడికి తెలియజెయ్యాలని ఆ చట్టం చెప్పింది. తర్వాత రాజ్యాంగంలో 311వ అధికరణం వచ్చింది. ఆరోపణ చెప్పకుండా, చెప్పుకునే అవకాశం ఇవ్వకుండా ప్రభుత్వోద్యోగిని తీసేయకూడదంది. సంజాయిషీ అడక్కుండా మనిషిని బయటకు గెంటడం ఊరి పెత్తందారు అలవాటు. మన తాతల్ని అలాగే పొలాల నుంచి, చెరువుల నుంచి గెంటారు. ఆ అలవాటుకి కళ్ళెం వేసిన చట్టాలివి.

ఆ కళ్ళెం ఇప్పుడు వదులవుతోంది. 2025 నవంబర్ 21న కొత్త లేబర్ కోడ్‌లు అమల్లోకొచ్చాయి. పాత కేంద్ర చట్టంలో 100 మంది పనిచేసే చోట స్టాండింగ్ ఆర్డర్లు ఉండాలి. కొత్త కోడ్‌లో 300 మంది ఉండాలి. చిన్న కంపెనీల్లో పనిచేసే మనవాళ్ళు ఆ గొడుగు కిందనుంచి బయటకెళ్ళారు. అయినా మిగిలింది కొంత ఉంది. అది తెలుసుకోవాలి.

యజమాని గేటు మూస్తే

బొజ్జా తారకం గారు 1985లో కారంచేడు మారణకాండ జరిగినప్పుడు హైకోర్టులో ప్రభుత్వ ప్లీడరుగా ఉండి, ఆ పదవికి రాజీనామా చేసి మనవైపుకొచ్చి నిలబడ్డాడు. 'పోలీసులు అరెస్టు చేస్తే' అని మనకోసం పుస్తకం రాసిచ్చాడు. ఈరోజు మనకి 'యజమాని గేటు మూస్తే' అని ఇంకో పుస్తకం కావాలి. అందాకా ఈ కాసిన్ని మాటలు రాసుకోండి. రాయడం రానివాళ్ళు పక్కవాళ్ళచేత రాయించుకోండి.

ఒకటి. మైకు ముందుకి పోకముందు కాగితం మీద పెట్టండి. వాసనొస్తోంది, మాస్కుల్లేవు, జీతం రాలేదు, ఏదైనా సరే. రెండు కాపీలు రాయండి. ఒకదాని మీద అందినట్టు సంతకమో ముద్రో తీసుకోండి. ఇవ్వకపోతే రిజిస్టర్డ్ పోస్టులో పంపి రసీదు దాచండి. ఆ కాగితం ఉంటే రేపు 'ఎవరో చెప్పించారు' అన్న మాట నిలవదు.

రెండు. ఒక్కడే సంతకం పెట్టొద్దు. అయిదుగురు పెట్టండి, పదిమంది పెట్టండి. అందులో మన కులం కానివాళ్ళు కూడా ఉండేలా చూడండి. కాపులు, గవర్లు, వెలమలు, మత్స్యకారులు అందరూ ఆ వాసనే పీలుస్తున్నారు.

మూడు. నోటిమాటతో ఇంటికి రావద్దు. రావద్దంటే ఎందుకు వద్దన్నారో రాసిమ్మనండి. ఇవ్వకపోతే ఆరోజే, ఫలానా తేదీన ఫలానా టైముకి పనికొచ్చాను, గేటు దగ్గర ఆపారు అని కంపెనీకి, కాంట్రాక్టరుకి, లేబర్ ఆఫీసుకి ఉత్తరం పెట్టండి. గేట్ పాస్, జీతం చీటీ, బస్సు పాస్, ఏది దొరికితే అది దాచండి. నువ్వు మా మనిషివి కాదు అన్నప్పుడు అవే సాక్ష్యం.

నాలుగు. సస్పెండ్ చేస్తే జీవనభృతి మన హక్కు. భిక్ష కాదు. కోడ్ వర్తించే చోట మొదటి 90 రోజులు సగం జీతం, ఆ తర్వాత మన తప్పు లేకుండా విచారణ ఆలస్యమైతే ముప్పావు జీతం. విచారణ మామూలుగా 90 రోజుల్లో పూర్తి చెయ్యాలి. ప్రభుత్వోద్యోగికి వేరే నియమాలున్నాయి, భృతి మాత్రం అక్కడా ఇవ్వాల్సిందే. కోలార్ బంగారు గనుల్లో ఒక అధికారికి భృతి ఇవ్వకుండా, దారి ఖర్చుల్లేక విచారణకి రాలేకపోతే ఆయన లేకుండానే తీర్పు చెప్పి తీసేశారు. 1999లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. 2015లో ఇంకో కేసులో, మూడు నెలల్లోగా అభియోగ పత్రం ఇవ్వకుండా సస్పెన్షన్ సాగదీయకూడదంది. ఈ రెండు తీర్పులూ చూపించి అడగండి.

అయిదు. విచారణకి వెళ్ళండి. ఒక్కరే వెళ్ళకుండా తోటి ఉద్యోగిని సాయం తీసుకెళ్ళండి. మీమీద పెట్టిన కాగితాల నకళ్ళు అడగండి. తెలుగులో అడగండి. మీరు చెప్పింది రాసి చదివి వినిపించాకే సంతకం పెట్టండి.

ఆరు. ఒంటి మీద చెయ్యి వేసినా, బట్టలూడదీసినా, కులం పేరుతో నలుగురిలో అవమానించినా అది ఆఫీసు గొడవ కాదు. 1989 అట్రాసిటీ చట్టం కింద నేరం. దాన్ని సర్వీసు విషయంలో కలిపేసి చల్లార్చనివ్వొద్దు.

ఇంకొక మాట. ఇది మనలో కొందరికి చేదుగా ఉంటుంది. మనవాడిమీద గొడవొచ్చిన ప్రతిసారీ మనవాడిదే న్యాయం అయిపోదు. తోటి ఆడమనిషిని వేధిస్తే, పేదవాడి పింఛను మింగితే, వాడు మనవాడైనా తప్పు తప్పే. అప్పుడూ మనం అడిగేది విచారణే. మనవాణ్ణి వదిలెయ్యమని అడగం. ఆ ఆడకూతురు మాట కూడా పూర్తిగా వినమంటాం. నిజం తేల్చమనే కదా మన పోరాటం? నిజానికి భయపడితే మనకీ యజమానికీ తేడా ఏటుంది?

మన లెక్క

ఇప్పుడు మొదట చెప్పిన లెక్కకొద్దాం.

మే 16 తర్వాత మేము రోడ్డెక్కాం. కరపత్రాలు వేశాం. కలెక్టరుకి వినతిపత్రం ఇచ్చాం. చేతులు కట్టిన ఆ ఫొటో చూసి గుండె మండి మాట్లాడాం. తప్పు లేదు, చెయ్యాల్సిందే. కానీ ఏప్రిల్ 8న మేము రోడ్డెక్కలేదు. లాక్‌డౌన్ అన్నాం. ఆ లాక్‌డౌన్‌లోనే బియ్యం పంచడానికి పాసులు సంపాదించాం, కూరగాయలు మోశాం. నర్సీపట్నం డాక్టరు ఇంటికో, విశాఖలో ఆయన తల్లి దగ్గరికో పోవడానికి పాసు అడగలేదు. ఫోన్ చెయ్యడానికి పాసు అక్కర్లేదు కదా? అదీ చెయ్యలేదు. డాక్టరు కదా, గవర్నమెంటు ఉద్యోగం కదా, ఆయన చూసుకుంటాడులే అనుకున్నాం. పేదోడైతే పరిగెడతాం, చదువుకున్నోడైతే వాడి తంటాలు వాడు పడతాడని వదిలేస్తాం. చదువుకున్నోళ్ళు కూడా పేటని వదిలేశారని మన కడుపులో ఒక మంట ఉంది. అది నిజమే కావచ్చు. కానీ గేటు మూసుకున్న నాడు డాక్టరూ ఒంటరే, కాంట్రాక్టు కూలీ ఒంటరే.

దెబ్బ కనిపిస్తే మనం కదులుతాం. దెబ్బ కనిపించకపోతే కదలం. సస్పెన్షన్ కనిపించని దెబ్బ. ఆ 38 రోజుల్లో పదిమంది ఆ ఇంటికి వెళ్ళి కూచుని ఉంటే, విచారణ ఎప్పుడు పెడతారని వారం వారం అడిగి ఉంటే, ఆయన వైపు మాట కాగితం మీదకి ఎక్కి ఉంటే, మే 16 జరిగేదా? ఏమో, జరిగేదేమో. కాని జరిగితే ఆయన పక్కన మనం ఉండేవాళ్ళం. రోడ్డు మీద ఒక్కడే ఉండేవాడు కాదు.

అందుకే ఈరోజు తీర్మానం ఒకటే పెడుతున్నాం. ఈ చుట్టుపక్కల ఏ ఊళ్ళోనైనా, ఏ కులం కార్మికుడినైనా, మాట్లాడినందుకు పనిలోంచి ఆపితే, ఆ సంగతి తెలిసిన రోజు చీకటి పడేలోగా మనలో ఇద్దరు వాళ్ళింటికెళ్ళాలి. ఉపన్యాసం చెప్పడానికి కాదు. కాగితాలు చూడ్డానికి, ఉత్తరం రాయడానికి, అన్నం తిన్నావా అని అడగడానికి. వారానికోసారి మళ్ళీ వెళ్ళాలి, విచారణ తేలేదాకా.

మొదటి ఇల్లు మన తమ్ముడిదే. రేపు పొద్దున్న మొదటి షిఫ్టు వేళకి అతనితోపాటు మేము కంపెనీ గేటుకి వెళ్తున్నాం. నినాదాలకి కాదు. ఒక ఉత్తరం ఇస్తాం. ఈ మనిషిని ఎందుకాపారో రాసివ్వండి, అతను చెప్పింది అబద్ధమైతే అదీ రాసివ్వండి అని అడుగుతాం. ముద్ర వేసేదాకా అక్కడే కూచుంటాం. రాగలిగినవాళ్ళు రండి. అన్నం క్యారేజీ కట్టుకుని రండి, ఎంతసేపవుద్దో తెలీదు.

తమ్ముడూ, నువ్వడిగిన ప్రశ్నకి జవాబు ఇది. నువ్వు చెప్పింది అబద్ధం కాదు. డాక్టర్ సుధాకర్ చెప్పిందీ అబద్ధం కాదు. ఆయన పక్కన ఆ 38 రోజులు లేని మేము నీ పక్కన మొదటి రోజు నుంచీ ఉండలేకపోయాం, నెల ఆలస్యమైంది. ఇకనుంచి ఉంటాం.

జై భీమ్!